వేడికి కొదవ లేదు, గింజకే కరువు

ఐస్‌లాండ్‌ లావా మైదానాలు చూసి వచ్చినవారికి, అక్కడ ఓ వందమంది కలిసి ఎవరి మీదా ఆధారపడకుండా బతకవచ్చునన్న ఊహ కలగడం సహజం, నాకూ కలిగింది. అది ఉత్త ఊహే అనడానికీ లేదు. 1930లో సెసెల్యా సిగ్మండ్స్‌దోత్తిర్‌ అనే యువతి పిల్లల ఆశ్రమంగా మొదలుపెట్టిన సోల్‌హేమార్‌ పల్లెలో నేడు మేధోవైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిపి దాదాపు వందమంది, వేడినీటి ఊట ఆసరాతో ఇళ్లనూ గ్రీన్‌హౌస్‌లనూ వెచ్చగా ఉంచుకుంటూ సేంద్రియ కూరగాయలు పండిస్తున్నారు.

వేడి విషయంలో ఆ దేశానికి దిగులు లేదు. రెండు భూఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్న చోట ఉండడంతో అక్కడ దాదాపు 90 శాతం ఇళ్లు నేల లోపలి వేడితోనే వెచ్చబడుతున్నాయి. లౌగర్‌వాట్న్‌ సరస్సు ఒడ్డున రై అనే ధాన్యపు పిండి ముద్దను గిన్నెలో పెట్టి, మూత బిగించి, సలసల కాగే ఇసుకలో పాతి, 24 గంటల తరువాత తవ్వి తీస్తే, పొయ్యీ కట్టెలూ లేకుండానే ముదురు రంగు రొట్టె తయారై ఉంటుంది. అయితే ఆ పిండి సాధారణంగా ఓడలో వచ్చినదే.

చిక్కంతా అక్కడే ఉంది. గ్రీన్‌హౌస్‌ టొమాటో కిలోకు సుమారు 180 కిలోకాలరీలే ఇస్తుంది కనుక, రోజుకు 2,000 కావలసిన మనిషి వాటితోనే గడపాలంటే 11 కిలోలు తినాలి! వందమందికి సగం శక్తి బార్లీ నుంచి రావాలంటే ఏటా 11 టన్నులు కావాలి. హెక్టారుకు 3 టన్నులు పండుతుందనుకుంటే, విత్తనంతో కలిపి పదెకరాలు. కమతం చిన్నదే గానీ, వేసవి చల్లబడిన ఏడాది ఆ పైరు పాలుపోసుకునే దశ దాటకపోవచ్చు.

నేల సంగతి మరీ కష్టం. మన నల్లరేగడికి మూలమైన దక్కను రాయి వంటి బసాల్టే అక్కడా ఉంది. కానీ దక్కనులో 6.6 కోట్ల ఏళ్లుగా ఎండావానలు చేసిన పని, ఆ చలిలో, ఆ లేత రాతి మీద ఇంకా జరగలేదు. అగ్నిపర్వత బూడిదతో ఏర్పడిన నేల భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుకుంటుంది, గాలికి ఇట్టే లేచిపోతుంది, నత్రజని చాలదు. అందుకే 1945లో అలాస్కా నుంచి లూపిన్‌ మొక్కను తెచ్చారు. అది గాలిలోని నత్రజనిని నేలలో నిలిపింది గానీ, స్థానిక మొక్కలను కమ్మేస్తూ తగువులు కూడా తెచ్చింది.

పైగా అగ్నిపర్వతం ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటుంది. 1783లో లాకి బద్దలైనప్పుడు ఫ్లోరిన్‌ సోకిన గడ్డి మేసి సగానికి పైగా పశువులు చచ్చాయి, ఆ కరువులో జనాభాలో ఐదో వంతు పోయింది. 2024 ఫిబ్రవరిలో లావా ఒక గొట్టాన్ని తెంచడంతో రేక్యానెస్‌ ద్వీపకల్పంలో 20,000 మందికి పైగా నడి చలికాలంలో వేడినీరు ఆగిపోయింది.

కనుక నా ఊహలోని పల్లెను సముద్రానికి దగ్గరగా, రెండు వేర్వేరు వేడినీటి బోర్లతో కట్టాలి. బంగాళాదుంపలు, గొర్రెలు, పాడి, చేపలు దానికి ఆధారం కావాలి. ఒక చెడ్డ ఏడాదికి సరిపడా ఎండుచేపా ఎండుగడ్డీ ముందే నిల్వ ఉండాలి. టొమాటోలను తినడానికి కాక అమ్మడానికి పండించి, ఆ డబ్బుతో గింజలు కొనుక్కోవాలి.