స్వీయ సంరక్షణ, నాయకత్వం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో పందొమ్మిదేళ్లు ఐటీ ఉద్యోగం చేశాను. చివరి ఆరేళ్లు సుమారు మూడు వందల మంది పనికి నాది పూచీ. ఆ ఉద్యోగం వదిలి ఇప్పుడు అలాంటి బాధ్యతల్లో ఉన్నవారికే కోచ్‌గా పనిచేస్తున్నాను. వారి నిద్ర, తిండి, ఆరోగ్యం, ఇంట్లో గడిపే సమయం పనికింద నలిగిపోకుండా ఎలా కాపాడుకోవాలన్నదే మా సంభాషణల విషయం. ఈ పని గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పైస్థానంలో ఉన్నవారు ముందు జట్టును చూసుకోవాలి, తమ సంగతి తర్వాత.

వాస్తవం: తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని మన పెద్దలు ఊరికే అనలేదు. నా దగ్గరికి వచ్చే ఒక మేనేజరు రాత్రి పదకొండున్నరకు జట్టు గ్రూపులో ఒక సందేశం పెట్టారు. చివర్లో ‘తొందరేమీ లేదు, రేపు చూసినా చాలు’ అని కూడా రాశారు. మర్నాడు మేం కలిసినప్పుడు ఆ సందేశం కింద వచ్చిన జవాబులు చదవమన్నాను. పది నిమిషాల్లో ఆరుగురు బదులిచ్చారు. అందులో ఒకామె ప్రసూతి సెలవు ముగించుకుని ఆ వారమే పనిలో చేరింది. ఆమె పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. (ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను.) తొందర లేదన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు, సార్ ఇంకా మేలుకొని ఉన్నారన్నదే వారికి కనిపించింది. ఆయన తన నిద్రవేళను కాపాడుకుని ఉంటే ఆ ఆరుగురి నిద్రా నిలిచేది.

అపోహ: పది రోజులు సెలవు పెట్టి ఎటైనా వెళ్లి వస్తే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: సెలవు అవసరమే, తప్పకుండా తీసుకోండి. అయితే తిరిగి వచ్చేసరికి అదే పని, అదే తీరులో కుప్పగా ఎదురుచూస్తుంటే రెండో వారానికల్లా అలసట మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ‘బర్నౌట్’కు చోటిచ్చింది. దాన్ని వ్యాధిగా లెక్కించలేదు. పనిచోట చాలాకాలం అదుపులోకి రాని ఒత్తిడి వల్ల ఏర్పడే స్థితి అని 2019లో స్పష్టం చేసింది. శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేతనైన పని కూడా సరిగా చేయలేకపోతున్నామన్న భావన, ఈ మూడింటినీ లక్షణాలుగా చెప్పింది. మూలం పనిచోట ఉన్నప్పుడు మందు కూడా అక్కడే వెతకాలి. అందుకే నేను యోగా గురించి అడిగే ముందు, ఈ నెలలో ఏ పని ఎవరికి అప్పగించారని అడుగుతాను.

అపోహ: నాలుగైదు గంటల నిద్రతో నెట్టుకురాగలగడమే సమర్థత.

వాస్తవం: నేనూ అలాగే నమ్మాను. సంస్థవారు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలో నర్సు నా రక్తపోటు చూసి, ఏమీ అనకుండా, ‘ఐదు నిమిషాలు కూర్చోండి మేడం, మళ్లీ చూద్దాం’ అంది. రెండోసారీ 160/100 వచ్చింది. ఆ ఐదు నిమిషాల్లోనూ నేను రెండు మెయిళ్లకు జవాబు రాశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పెద్దవారికి రోజూ కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. వరుసగా 17 గంటలకు పైగా మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. ఉదయం ఆరుకు లేచినవారు రాత్రి పదకొండు తర్వాత కాల్‌లో తీసుకునే నిర్ణయాలు ఆ స్థితిలో తీసుకున్నవే. ఇక గంటల లెక్క: ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ.

అపోహ: ఇన్నేళ్ల అనుభవం ఉంది, కోచింగ్ అంటే ఆ అనుభవంతో సలహాలివ్వడమే కదా.

వాస్తవం: ఈ వృత్తిలోకి రావాలనుకునే సహోద్యోగులకు నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. మేనేజరుగా మనకు అలవాటైంది సమస్య వినగానే పరిష్కారం చెప్పడం. కోచ్‌గా ఆ అలవాటే అడ్డం. శిక్షణ రోజుల్లో నా తొలి సంభాషణ రికార్డును మా గురువుగారు నాతో కలిసి విన్నారు. నలభై నిమిషాల్లో సగానికి పైగా నా గొంతే వినిపించింది. అవతలి వ్యక్తి ‘ఇంట్లో కూడా...’ అని మొదలుపెట్టి ఆగిన చోట, నేను పనివేళల పట్టిక ఎలా వేసుకోవాలో వివరిస్తున్నాను. ఆయన టేపు ఆపి, ‘ఆమె ఏం చెప్పబోయిందమ్మా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి మౌనంగా ఉండటం నేర్చుకోవడమే నా అసలు చదువైంది.

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి చట్టం ఏ అర్హతా అడగదు. అందుకే ఎంచుకునేవారే శిక్షణ గురించి నిలదీసి అడగాలి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే మొదటి స్థాయి ధ్రువీకరణకే కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. నేను వాటిని శని, ఆదివారాల్లో, ఉద్యోగం చేస్తూనే పూర్తిచేశాను. ఏడాదిన్నర ఇంటి ఖర్చులు పక్కన పెట్టుకున్నాకే రాజీనామా ఇచ్చాను. ఆవేశంలో రాజీనామా ఇచ్చి రావాలనుకునేవారిని నేను ప్రోత్సహించను.

అపోహ: కోచ్ ఉంటే డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: ఇది ప్రమాదకరం. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ సన్నగిల్లినా వైద్యుల దగ్గరికే వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటి సూచనలు కనిపిస్తే నేను ఆ రోజు కోచింగ్ అక్కడితో ఆపి ఈ మాటే చెబుతాను.

అపోహ: అమెరికా క్లయింట్లతో పని, వేళలు మన చేతిలో ఉండవు.

వాస్తవం: కొంత నిజమే. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. న్యూయార్కులో ఉదయం పదకొండు గంటల సమావేశం మనకు రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నరకు మారుతుంది. మార్చి దాకా అంతే. చాలామంది దాన్ని చలికాలం లాగే భరిస్తారు. నేను అక్టోబరులోనే క్యాలెండరు తెరిపిస్తాను. నిరుడు ఒకామె తన వారంలోని తొమ్మిది రాత్రి కాల్స్‌లో తాను లేకపోతే ఆగిపోయేవి ఎన్నని లెక్కపెట్టింది. మూడు. మిగతా ఆరింట్లో నాలుగు తన కింది లీడ్‌కు అప్పగించి, అందుకు బదులుగా అతనికి ఉదయం పూట మినహాయింపు ఇప్పించింది. రెండు క్లయింటుతో మాట్లాడి వారి ఉదయం ఎనిమిదికి, అంటే మనకు సాయంత్రం ఆరున్నరకు మార్పించింది. డిసెంబరులో ఒకరోజు నాకు ఫోటో పంపింది: రాత్రి ఎనిమిది గంటలకు భోజనాల బల్ల, నాలుగు కంచాలు.