అపోహలు – వాస్తవాలు: ‘ముందు మనమే విచారిద్దాం’ అనే టీచర్లకు

ఉపాధ్యాయుల ప్రవర్తనా నియమావళిపై శిక్షణ ఇవ్వడం నా పని. దగ్గర్లోని బడుల టీచర్లు కలిసే ఏ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లినా చర్చ ట్యూషన్లతో మొదలై, మెమోల మీదుగా సాగి, టీ విరామంలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి, పిల్లలపై లైంగిక వేధింపు గురించి అడిగే ప్రశ్న దగ్గరికి చేరుతుంది. “పాప ఏదో చెప్పింది సార్. నిజమో కాదో తేలకుండా పోలీసుల దాకా ఎలా వెళ్తాం? ముందు మనం విచారించుకోవాలి కదా?”

వినడానికి ఎంతో బాధ్యతగా ఉండే మాట. కానీ టీచర్లను కోర్టు మెట్లు ఎక్కించేదీ, పిల్లలకు అందాల్సిన న్యాయాన్ని దూరం చేసేదీ ఇదే. అందుకే ఈసారి దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: లైంగిక వేధింపు గురించి పిల్లలు చెబితే, బడి విచారణలో నిజమని తేలాకే పోలీసులకు చెప్పాలి.

విచారించే అధికారం బడికి లేదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. అందులోని 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందన్న భయం కలిగినవారు ఎవరైనా సరే స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. ‘నిర్ధారించుకున్నాక’ అన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నేరం చేసింది తన కింద పనిచేసే వ్యక్తే అయి, సంస్థ అధిపతి దాన్ని దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా కూడా. హెచ్‌ఎంలు (ప్రధానోపాధ్యాయులు), ప్రైవేటు బడులు నడిపే కరస్పాండెంట్లు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవాలి.

స్టాఫ్ రూమ్ విచారణ ఏం చేస్తుందో నేను దగ్గరగా చూశాను. ఒక బడిలో ఏడో తరగతి పాపను హెచ్‌ఎం గదిలో నిలబెట్టారు. ఎదురుగా కుర్చీల్లో నలుగురు టీచర్లు. ఒకరి తర్వాత ఒకరు అదే ప్రశ్న వేశారు. తర్వాత తెల్లకాగితం ఇచ్చి రాయమన్నారు. తప్పులున్నాయని, ఇంకా వివరంగా ఉండాలని మళ్లీ రాయించారు. మొదటి కాగితంలో ‘అన్నం తిన్నాక’ అని ఉంది. రెండోదానిలో ‘ఆటల పీరియడ్‌లో’ అని వచ్చింది. ఆ పిల్ల దృష్టిలో రెండూ ఒకటే, ఎందుకంటే ఆ రోజు భోజనం కాగానే ఆటల పీరియడ్. కోర్టులో డిఫెన్స్ లాయరు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఏది అబద్ధమో చెప్పమని అడిగారు. ఆ టీచర్లలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. పాపకు మేలు చేస్తున్నామనే అనుకున్నారు.

పిల్లల వాంగ్మూలం ఎలా తీసుకోవాలో చట్టమే చెప్పింది. పిల్లల ఇంటి దగ్గర గానీ వాళ్లు కోరుకున్న చోట గానీ, వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. పాపను రాత్రివేళ స్టేషన్లో ఉంచకూడదు. ‘పోలీసుల దగ్గరికి వెళ్తే పిల్ల బెదిరిపోతుంది’ అనేవారు ఇది చదివి, పైన చెప్పిన నాలుగు కుర్చీల గదితో పోల్చి చూడాలి.

ఇక భయపడేవారి సంగతి. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ రాత్రి ఫోన్ చేసి ఏడ్చారు. “రేపు అది అబద్ధమని తేలితే నా మీద కేసు పెడతారా సార్?” పెట్టరమ్మా. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదని 19వ సెక్షన్‌లోనే ఏడో ఉపసెక్షన్ స్పష్టంగా చెబుతోంది. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష ఉన్నమాట నిజమే. అయితే అది ఒకరిని అవమానించాలనో, బెదిరించాలనో, డబ్బు గుంజాలనో, పరువు తీయాలనో కావాలని అబద్ధం చెప్పినవారికి. పాప చెప్పింది చెప్పినట్టు తెలియజేసిన టీచరుకు అది వర్తించదు. ఈ రెండింటినీ కలిపేసి, ‘కేసు మన మీదికే తిరుగుతుంది’ అని భయపెట్టే ఉచిత సలహాదారులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆ చట్టం ఒక్కసారైనా తెరిచి చూశారా అని వాళ్లను అడగండి.

అపోహ: హెచ్‌ఎంకు చెప్పేశాను, నా పని అయిపోయింది.

కాలేదు. చట్టం ‘ఏ వ్యక్తి అయినా’ అంటోంది, ‘హెచ్‌ఎం ద్వారా’ అనలేదు. ఏదైనా పై అధికారి ద్వారానే పంపే ‘ప్రాపర్ ఛానల్’ అలవాటు మనలో ఎంత జీర్ణించుకుపోయిందంటే, ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఒక కాగితం, డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) ఒక కాగితం పంపి జవాబు కోసం కూర్చుంటాం. హెచ్‌ఎంకు చెప్పండి, తప్పులేదు. ఆయన ఆ రోజే కదలకపోతే మీరు కదలండి.

అపోహ: తల్లిదండ్రులు వద్దంటే వదిలేయాలి.

ఆ తల్లి బాధ నాకు తెలుసు. “ఊళ్లో పరువు పోతుంది, రేపు పెళ్లి ఎలా చేయాలి మేడం” అని చేతులు పట్టుకుంటుంది. ఆమెతో కూర్చోండి, వినండి, పాప వివరాలు బయటికి రానివ్వకుండా చట్టం కాపాడుతుందని చెప్పండి. కానీ తల్లిదండ్రులు వద్దన్నంత మాత్రాన 19వ సెక్షన్ మీకు మినహాయింపు ఇవ్వదు. పెద్దమనుషుల పంచాయితీలో రాజీ చేసుకుని, కాగితం మీద సంతకాలు పెట్టించినా అంతే.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో హాస్టల్ బాలికల మీద జరిగిన అఘాయిత్యం గురించి తెలిసినా చెప్పలేదన్న ఆరోపణతో ఒక వైద్యుడిపై కేసు పెట్టారు. హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది నేరస్తులను కాపాడే ప్రయత్నమేనని వ్యాఖ్యానించింది.

నిందితుడు తోటి ఉపాధ్యాయుడైతే స్టాఫ్ రూమ్‌లో గొంతులు మారిపోతాయి. “పిల్లలున్నవాడు, ఒక్క అవకాశం ఇద్దాం.” బడి సిబ్బందే చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా లెక్కిస్తుంది. 2019 సవరణ తర్వాత అత్యాచారం స్థాయి నేరానికి కనీస శిక్షే 20 ఏళ్లు. అసభ్య మాటలు, సైగలు, ఫోన్లో మెసేజ్‌లు కూడా ఈ చట్టం కిందికి వస్తాయి, చేయి వేయనవసరం లేదు.

మరి ఏం చేయాలి? పాప చెప్పేది అడ్డు తగలకుండా వినండి. “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. పాప వాడిన మాటలనే తేదీ, సమయంతో రాసి పెట్టుకోండి, మీ భాషలోకి మార్చకండి. దిక్కు తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, దారి చూపిస్తారు. అయితే సమాచారం పోలీసులకు చేరేలా చూసుకోండి. ‘మా పరిధి కాదు’ అని స్టేషన్లో అంటే, 2024 జులై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో అమలవుతున్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో పనిలేకుండా నమోదు చేయాలని చెప్పండి. మీరిచ్చిన సమాచారానికి ఎంట్రీ నంబరు వేయాలి. అది అడిగి రాసుకోండి.

మిగతావి త్వరగా.

‘వాళ్ల నాన్నే కొట్టమన్నాడు.’ తండ్రి అనుమతితో చట్టం మారదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం 14 ఏళ్ల వరకే, పదో తరగతి పిల్లలకు 14 దాటాయి కదా అని వాదించేవారు పిల్లలపై క్రూరత్వాన్ని శిక్షించే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ చూడాలి. అది 18 ఏళ్ల లోపు అందరికీ వర్తిస్తుంది.

‘ట్యూషన్ నా ఇంట్లో, సెలవు రోజున చెప్తే తప్పేమిటి?’ విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఇల్లు, బడి, ఆదివారం అని తేడా చూపలేదు. టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు, అంతే.

‘గ్రూపులో మన టీచర్లే కదా ఉన్నది, పాప పేరు పెడితే ఏమవుతుంది?’ పెట్టవద్దు. పేరే కాదు, ఫొటో, ఊరు, చదివే బడి, ఇంటివారి వివరాలు, ఏ ఒక్కటీ బయటికి రాకూడదు. పోక్సో 23వ సెక్షన్ ఉన్నది ఇందుకే. ‘ఫలానా బడిలో ఘటన’ అని మీరు ఫార్వర్డ్ చేసిన మెసేజ్ సాయంత్రానికి ఆ పాప ఊరి గ్రూపులో ఉంటుంది.

‘సస్పెండ్ చేశారంటే ఉద్యోగం పోయినట్టే.’ ఆరోపణ ఎదుర్కొంటున్న టీచర్ల ఇళ్లలో ఈ మాట విని అన్నం మానేసినవాళ్లను చూశాను. 1991 నాటి సీసీఏ నిబంధనల (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ నియమాల) కింద విచారణ సాగుతుండగా సస్పెండ్ చేయడమంటే ఉద్యోగం తీసేయడం కాదు. విచారణ తేలేదాకా విధులకు దూరంగా ఉంచడం అది. ఆ కాలంలో సబ్సిస్టెన్స్ అలవెన్స్ (జీవన భృతి) వస్తుంది. ఛార్జి మెమో (ఆరోపణల పత్రం) వస్తే దానికి గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, రాసేముందు సర్వీసు నిబంధనలు తెలిసినవారితో మాట్లాడండి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి.