సుంకం సగమైతే నూనె రేటు సగమవుతుందా?

"ఏవండీ, సుంకం సగానికి కోసేశారంట కదా, డబ్బా ఎంతకొస్తుందండీ?" 2025 మే ఆఖర్లో కేంద్రం దిగుమతి వంటనూనెల మీద సుంకం తగ్గించినప్పుడు ఈ మాట ఎన్ని ఫోన్లలో విన్నానో లెక్కలేదు. కాకినాడ రేవులో నూనె ఓడలకు కస్టమ్స్ కాగితాలు చేసే పని నాది. అడిగినవాళ్లు బజ్జీల బండ్లవాళ్లు, కర్రీ పాయింట్లవాళ్లు. రేటు ఆశతో అడుగుతారు, విసుక్కోలేం.

అపోహ: సుంకం సగమైంది, ధరా సగమవ్వాలి.

సగమైంది ముడి నూనె, అంటే పామాయిల్ లాంటి శుద్ధి చేయని వంటనూనె మీద బేసిక్ సుంకం, 20 నుంచి 10 శాతానికి. సెస్సులు కలిపితే 27.5 కాస్తా 16.5 అయింది. టన్ను టారిఫ్ విలువ, అంటే సుంకం లెక్కకి ప్రభుత్వం కట్టే ధర, 1,000 డాలర్లనుకోండి, తేడా 110 డాలర్లు. డాలరు 85 రూపాయలైతే కిలోకి తొమ్మిది రూపాయల పైచిల్లర. అంతే! అదీ పామాయిల్ ధర నడిపించే మలేషియా మార్కెట్టు కదలకుండా, రూపాయి జారకుండా ఉంటేనే. ఆ టారిఫ్ విలువ పదిహేను రోజులకోసారి మారుతుంది. పైగా అప్పటికే ట్యాంకుల్లో ఉన్న సరుకు పాత సుంకం కట్టి దిగింది.

నాకు తెలిసిన క్యాటరింగాయన వాట్సాప్ మెసేజి నమ్మి, శ్రావణం పెళ్లిళ్లకి ప్లేటు రేటు తగ్గించి అడ్వాన్సులు పుచ్చుకున్నాడు. డబ్బా ఆయన అనుకున్నంత దిగలేదు. గారెలూ బూరెలూ మానేసి మా వైపు పెళ్లి చేయగలరా? చేతి డబ్బు పెట్టుకున్నాడు. ఆ మెసేజి పంపినవాడు మాత్రం హాయిగా ఉన్నాడు.

అపోహ: మలేషియా, ఇండోనేషియా ఉన్న ఆసియాన్ కూటమితో వాణిజ్య ఒప్పందం ఉంది, సుంకమే ఉండకూడదు.

ఒప్పందం 2010 జనవరి నుంచి ఉంది. కానీ పామాయిల్‌ని అందులో విడిగా పెట్టారు. 2019 చివరికి ముడి నూనె మీద 37.5, రిఫైన్డ్ మీద 45 శాతానికి దించుతామన్నదే మాట. ఆ గీత దాటకూడదు, దాని లోపల ఎంత వేయాలన్నది ఢిల్లీ ఇష్టం.

అపోహ: ధర పెరిగిందంటే సుంకం పెంచినట్టే.

2022 ఏప్రిల్లో ముడి పామాయిల్ మీద ఉన్నది 5.5 శాతమే. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె అప్పటికే చిక్కుల్లో పడింది. 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఆ రోజుల్లో నూనె ప్యాకెట్ ఎంత పెట్టి కొన్నారో మీకే తెలుసు.

ఇంకో ఒప్పందం మాటా అడుగుతారు. ఆసియాన్, చైనా, జపాన్ లాంటి దేశాల ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందంలో మనం చేరలేదు, 2019 నవంబరులోనే బయటికొచ్చేశాం. నేపాల్ నుంచి సుంకం లేని రిఫైన్డ్ నూనె వస్తున్న మాట నిజమే, అది ఎక్కువగా ఉత్తరాది బజార్ల గొడవ.

"అసలు సుంకమే ఎత్తేస్తే పోలా?" అంటారు. మా మేనమామకి చింతలపూడి దగ్గర ఆరెకరాల పామాయిల్ తోట ఉంది. గెలల ధర ముడి నూనె ధరతోనే లేస్తుంది, దానితోనే పడుతుంది. క్యాటరింగాయన ఫోన్ చేసిన రోజునే మేనమామా చేశాడు. "ఏరా అల్లుడూ, మళ్లీ తగ్గించారంటగా?" ఆయనకీ అదే తొమ్మిది రూపాయల లెక్క చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎరువు బస్తా ఎంతుందో తెలుసా అని అడిగాడు.