గింజ కట్టని గడ్డి, పుప్పొడి లేని సజ్జ

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి రైతుకు గరిక అంటే ఒళ్లుమంట. ఎంత పీకినా చేలో ఒక్క కాడ ముక్క మిగిలితే చాలు, మళ్లీ అల్లుకుపోతుంది. గింజ రాలితే ఇంకోచోట మొలుస్తుంది. అలాంటి చోటికి 1936లో గ్లెన్ బర్టన్ అనే ఇరవయ్యారేళ్ల కుర్రాడు అమెరికా వ్యవసాయ శాఖ ఉద్యోగిగా వచ్చారు. ఊరు జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్. చేయాల్సిన పని పశువుల మేతకు పనికొచ్చే గడ్డి రకాలు తయారుచేయడం. ఆయన మొదట చెయ్యి వేసింది ఈ గరిక మీదే. కలుపును పెంచడానికి కూడా సర్కారు జీతం ఇస్తుందా అని చుట్టుపక్కల రైతులు అనుకుని ఉంటే వాళ్లను తప్పుపట్టలేం.

బర్టన్ పుట్టింది 1910లో, నెబ్రాస్కాలోని క్లాటోనియాలో. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ ముగించుకుని టిఫ్టన్ చేరాక మరో ఊరు వెతుక్కోలేదు. 2005లో పోయేదాకా ఆయన జీవితం, పని అక్కడే. ఆయన రకాలు గడ్డి మైదానాల నుంచి గోల్ఫ్ కోర్సుల దాకా, చివరికి మన దేశపు మెట్టచేలదాకా వెళ్లాయి. ఆ పని మొత్తం ఒకచోట పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మొక్కకు సంతానం కలగకపోవడాన్ని కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లు మామూలుగా అడ్డంకి అనుకుంటారు. బర్టన్ చేతిలో అదే మళ్లీ మళ్లీ పనిముట్టయింది.

మొదటిసారి గరికతోనే. టిఫ్టన్ దగ్గర ఒక పాత పత్తి చేలో దొరికిన బలమైన గరికను, దక్షిణాఫ్రికా నుంచి తెప్పించిన పొడవాటి రకాలను ఆయన పక్కపక్కన పెంచారు. గరిక తన పుప్పొడితో తాను గింజ కట్టడం చాలా తక్కువ. కాబట్టి అలా వచ్చిన గింజల్లో ఎక్కువ భాగం సంకరమే. ఆ గింజల నుంచి వచ్చిన సుమారు 5000 మొక్కలను ఎడంగా నాటి, ఏది త్వరగా పాకుతుంది, ఏది చలికి, తెగుళ్లకు నిలబడుతుంది అని వడగట్టుకుంటూ వచ్చారు. చివరికి మిగిలిన ఒక్క మొక్కే 1943లో ‘కోస్టల్’ పేరుతో విడుదలైంది. ఆ పేరు ఆయన పనిచేసిన కోస్టల్ ప్లెయిన్ పరిశోధన కేంద్రానిది.

కోస్టల్ మామూలు గరికకు దాదాపు రెట్టింపు మేత ఇచ్చింది. కంకులు అరుదుగా వేస్తుంది, వేసినా మొలకెత్తే గింజ ఉండదనే చెప్పాలి. పత్తి రైతు భయపడింది గింజ రాలి పక్క చేలోకి పోతుందనే కదా, ఆ భయం ఇక్కడ తీరింది. బదులుగా ఇంకో తలనొప్పి వచ్చింది. గింజ లేదు కాబట్టి సంచిలో పోసి అమ్మడానికి ఏమీ లేదు. కాడలు, వేరుదుంపలు తవ్వి, ఎండకముందే తీసుకెళ్లి తడి నేలలో నాటాలి. క్రమంగా అందుకు యంత్రాలు వచ్చాయి, కోస్టల్ కోటి ఎకరాలకు పైగా పాకింది. జన్యుపరంగా చూస్తే ఆ కోటి ఎకరాలూ ఒకే మొక్క.

కరువులో ఈ గడ్డి పచ్చగా ఎందుకు ఉంటోందో తేల్చడానికి బర్టన్ బృందం చేసిన పరీక్ష నాకు చాలా ఇష్టం. వేర్లు ఎంత లోతుకు పోయాయో తవ్వి చూడొచ్చు. కానీ ఆ లోతులో అవి పనిచేస్తున్నాయో లేదో తవ్వితే తెలియదు. అందుకని రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ను నేలలో వేర్వేరు లోతుల్లో పెట్టి, పైన ఆకుల్లో ఎప్పుడు, ఎంత కనిపిస్తుందో కొలిచారు. లోతున పెట్టింది ఆకులోకి వచ్చిందంటే అక్కడి వేరు తాగుతోందన్నమాట. ఈ ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆ ప్రాంతాన్ని పెద్ద కరువు పట్టింది.

గడ్డి ఎక్కువ పండితే చాలదు, పశువుకు అరగాలి. దీనికి నైలాన్ సంచి పరీక్ష వాడారు. ఎద్దు నెమరు పొట్టకు పక్క నుంచి రంధ్రం చేసి మూత అమర్చుతారు. ఎండబెట్టి పొడి చేసిన గడ్డిని చిన్న చిన్న నైలాన్ సంచుల్లో పోసి అందులో వేలాడదీసి, కొంతసేపటి తర్వాత తీసి, ఎంత కరిగిపోయిందో తూస్తారు. వందల మొక్కలను పశువులకు మేపి పోల్చాలంటే ఏళ్లు పడుతుంది. ఇలా అయితే ఒక్కో మొక్క నుంచి పిడికెడు గడ్డి చాలు. కోస్టల్‌ను కెన్యా గరికతో కలిపి వచ్చిన మొక్కల్లో ఈ పద్ధతితో ఏరిందే 1967 నాటి కోస్ట్‌క్రాస్-1. కోస్టల్ కన్నా సుమారు 12 శాతం ఎక్కువ అరిగేది, కానీ చలికి ఆగేది కాదు. చలి కోసం ఈసారి జర్మనీలోని బెర్లిన్‌లో చలికాలాలు తట్టుకుని బతికిన గరికను తెచ్చి కోస్టల్‌తో కలిపారు. అది 1978లో టిఫ్టన్ 44 అయింది. ఆ వరసలో చివర వచ్చిన టిఫ్టన్ 85 ఇప్పుడు బ్రెజిల్ దాకా సాగవుతోంది. అదీ గింజ కట్టదు.

ఆట మైదానాల గడ్డి కథ ఇంకా సూటిగా ఉంటుంది. మామూలు గరికలో 36 క్రోమోజోములు, దాని దక్షిణాఫ్రికా బంధువైన సన్నాకు గరికలో 18. రెండింటినీ కలిపితే పుట్టే దానిలో 27. సరి జతలు కుదరవు కాబట్టి గింజ పుట్టదు. మైదానానికి కావలసిందీ అదే: కంకులతో గరుకెక్కకుండా, గింజతో కొత్త మొక్కలు మొలవకుండా, అంచు నుంచి అంచు దాకా ఒకేలా ఉండే పచ్చిక. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే ఇలా వచ్చినవే. టిఫ్‌వేను ‘419’ అనే నంబరుతో ఇప్పటికీ స్టేడియాల వాళ్లు గుర్తుపడతారు. అయితే గింజ లేని మొక్కను ఇంకో దానితో కలిపి మెరుగుపరచడం కుదరదు. మిగిలిన దారి ఉత్పరివర్తనాలే, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులే. 1965లో వచ్చిన పొట్టి రకం టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌గ్రీన్‌లో తనంతట తానుగా వచ్చిన మార్పేనని భావిస్తారు. టిఫ్‌వే-2 కోసం గామా కిరణాల సాయం తీసుకున్నారు. అదే గుణం తిరగబడటమూ ఉంది: బాగా కత్తిరించే గోల్ఫ్ గ్రీన్‌లలో ఇష్టం వచ్చినట్టు మార్పులు పుట్టి, ఒకే రంగు పచ్చికలో మచ్చలు తేలడం నిర్వాహకులకు నేటికీ టెన్షన్.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో మొక్కల ప్రజననం చదివిన వాళ్లను అడిగితే బర్టన్ పేరు గడ్డితో సంబంధం లేకుండానే చెబుతారు. థీసిస్‌లో ‘బర్టన్, 1952’, ‘బర్టన్ అండ్ డివేన్, 1953’ అని రాయకుండా బయటపడ్డవాళ్లు తక్కువ. మొక్కల మధ్య తేడాల్లో జన్యువుల వాటా ఎంతో లెక్కగట్టే ఆ సూత్రాల పుట్టుక మాత్రం గడ్డిలోనే. ఫెస్క్యూ గడ్డి మొక్కను దుబ్బుగా చీల్చి పది చోట్ల నాటితే పదీ జన్యుపరంగా ఒకటే. వాటి మధ్య కనిపించే తేడా అంతా నేల, నీరు, ఎండ వల్ల వచ్చింది. వేర్వేరు దుబ్బుల మధ్య తేడాలోంచి ఈ వాతావరణపు వాటా తీసేస్తే మిగిలేది జన్యువుల వాటా. ఈ మిగిలినది ఎక్కువైతే మంచి మొక్కను ఎంచుకోవడంలో ఫలితం ఉంటుంది, తక్కువైతే ఆ ఎంపిక అదృష్టం మీద పోతుంది. వరి పరిశోధకులూ, మిరప పరిశోధకులూ ఇప్పటికీ ఆ లెక్కే వేస్తారు.

బాహియా గడ్డిలో ఆయన దీన్ని ఓపికగా ఆచరణలో పెట్టారు. ఎడంగా నాటిన మొక్కలను 25 చొప్పున గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో అయిదింటినే ఎంచుకునేవారు. పొలంలో ఒక మూల సారవంతంగా ఉంటే ఆ మూల మొక్కలే అన్నీ గెలిచేసే పక్షపాతం ఇందులో తగ్గుతుంది. ఎంచిన మొక్కల పూకాడలు కోసి నీళ్లలో నిలబెట్టి, వాటి పుప్పొడిని కలగలపడం వల్ల ఏడాదికి ఒక తరం ముందుకు నడిచేది. 1987లో వచ్చిన టిఫ్టన్ 9 పేరులోని 9 అలాంటి తొమ్మిది విడతల ఎంపికను సూచిస్తుంది.

ఇక సజ్జ. అమెరికాలో ఇది మనిషి తిండి కాదు, ఎండాకాలపు పశుగ్రాసం. హైబ్రిడ్ సజ్జ ఏపుగా పెరుగుతుందని బర్టన్‌కు తెలుసు, కానీ హైబ్రిడ్ విత్తనం తీయడమే గండం. ఒక్కో కంకిలో వేల సంఖ్యలో చిన్న పూలు ఉంటాయి, చేత్తో మగభాగాలు తీసేయడం అయ్యే పని కాదు. మొదట ఆయన ఒక చిట్కా వేశారు. నాలుగు శుద్ధ వరుసలను, అంటే తరతరాలూ ఒకేలా ఉండే విత్తన వంశాలను, సమానంగా కలిపి విత్తితే, గాలిలో తిరిగే పుప్పొడిలో నాలుగో వంతే సొంత వరుసది, మూడు వంతులు బయటివి. అంటే గింజల్లో సుమారు 75 శాతం సంకరం. దాన్ని ఒత్తుగా చల్లితే బలహీనమైన మిగతా పావు వంతును హైబ్రిడ్ మొలకలే అణగదొక్కేస్తాయి. గాహి-1 అనే పశుగ్రాసపు సజ్జ విడుదలైంది ఈ లెక్క మీదే. పూర్తి హైబ్రిడ్ కాదని ముఖం తిప్పుకోకుండా, పొలంలో ఏం జరుగుతుందో కూడా లెక్కలోకి తీసుకున్న తెలివి ఇది.

అసలు మార్గం 1958లో తెరుచుకుంది. సజ్జలో కణద్రవ్య పురుష వంధ్యత్వాన్ని ఆయన ఆ ఏడాది ప్రకటించారు. ఆ మొక్కలో ఆడభాగం మామూలే, పుప్పొడి మాత్రం పనికిరాదు. కారణం కేంద్రకంలో కాదు, తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. అందువల్ల ఇలాంటి మొక్కకు కేంద్రకం ఒకటే అయి కణద్రవ్యం మామూలుదైన జోడీతో పుప్పొడి ఇప్పిస్తే పిల్లలన్నీ తల్లిలాగే వంధ్యంగా పుడతాయి. వాటి పక్కన మరో మగ వరుసను నాటితే కంకి మీద ప్రతి గింజా హైబ్రిడే. బ్రీడర్లు ఈ వంధ్య మొక్కను, దాని జోడీని, ఆ మగ వరుసను వరసగా ఏ-లైన్, బి-లైన్, ఆర్-లైన్ అంటారు. బర్టన్ ఏ-లైన్ పేరు టిఫ్ట్ 23ఏ.

పశుగ్రాసానికి ఇంతటితో పని అయిపోతుంది, ఎందుకంటే రైతు కోసేది ఆకు, కాడే. గింజ కోసం పండించే భారతదేశంలో అలా కాదు. రైతు చేలో హైబ్రిడ్ మొక్కలు పుప్పొడి ఇవ్వకపోతే కంకి తాలు పోతుంది. కాబట్టి పుప్పొడిని తిరిగి తెప్పించే జన్యువు ఉన్న మగ వరుస కావాలి. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డి.ఎస్. అథ్వాల్ అలాంటి దానిని, బీఐఎల్-3బి అనే వరుసను, టిఫ్ట్ 23ఏకి జత చేశారు. 1965లో హెచ్‌బీ-1 అనే హైబ్రిడ్ వచ్చింది. ప్రయోగ క్షేత్రాల్లో అది స్థానిక రకాలకు దాదాపు రెట్టింపు దిగుబడి ఇచ్చింది. దేశంలో సజ్జ ఉత్పత్తి 1965లో సుమారు 35 లక్షల టన్నులుండగా 1970 నాటికి 80 లక్షల టన్నులకు చేరింది. అయిదేళ్లలో మెట్టపంట ఒకటి ఇంత పెరగడం అప్పటికి ఊహకందని మాట. అథ్వాల్ పేరు బర్టన్ పక్కన ఇంకా గట్టిగా వినిపించాల్సింది, వినిపించదు.

వెంటనే దెబ్బ తగిలింది. 1970-71లో వెర్రి కంకి తెగులు విరుచుకుపడింది. ఈ తెగులు సోకితే పూలు గింజగా మారకుండా ఆకుల కుచ్చుల్లా పచ్చగా విచ్చుకుంటాయి, నేలలో రాలిన శిలీంధ్ర బీజాలు ఏళ్ల తరబడి బతుకుతాయి. అమెరికా సజ్జకు ఈ తెగులు బెడద లేదు, కాబట్టి టిఫ్టన్‌లో 23ఏను దీనికి పరీక్షించే సందర్భమే రాలేదు. మొదట్లో వచ్చిన హైబ్రిడ్లలో చాలావాటికి తల్లి ఆ ఒక్కటే కావడంతో చేలకు చేలు ఒకేసారి లొంగిపోయాయి.

సరిగ్గా 1970లోనే అమెరికా మొక్కజొన్నను ఆకుమాడు తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. అక్కడ నేరం వంధ్యత్వాన్నిచ్చే టెక్సాస్ కణద్రవ్యానిదే. దాంతో సజ్జలోనూ అదే కణద్రవ్యాన్ని అనుమానించారు. తర్వాతి పరిశోధనలు ఆ అనుమానాన్ని బలపరచలేదు. సజ్జలో లోపం కేంద్రక జన్యువులది. ఈ తేడా చిన్నది కాదు. కణద్రవ్యానిదే దోషమైతే వ్యవస్థనంతా పారేయాలి. కేంద్రకానిదైతే నిరోధక జన్యువులు చేర్చుకుంటే చాలు. నిజంగా జరిగిందీ అదే. భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో టిఫ్ట్ 23ఏ మీద గామా కిరణాలు ప్రసరింపజేసి, తెగులుకు కొంత ఆగే 5071ఏ అనే వరుసను తీశారు. 1972లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పుట్టాక సజ్జలో వెర్రి కంకి నిరోధకత ప్రధాన పనుల్లో ఒకటైంది. 2005లో విడుదలైన హెచ్‌హెచ్‌బి 67 ఇంప్రూవ్డ్ అనే స్వల్పకాలిక హైబ్రిడ్‌లో నిరోధక జన్యువులను డీఎన్‌ఏ గుర్తుల సాయంతో చేర్చారు.

1982 సంవత్సరానికి బర్టన్‌కు అమెరికా జాతీయ విజ్ఞాన పతకం వచ్చింది. ఆయన పోయిన పన్నెండేళ్లకు, 2017లో, ఇక్రిశాట్ భాగస్వామ్యంలో సజ్జ జన్యుపటం వెలువడింది. సుమారు 179 కోట్ల అక్షరాల డీఎన్‌ఏ, 38 వేలకు పైగా జన్యువులు. ప్రమాణంగా చదివిన మొక్క టిఫ్ట్ 23డి2బి1 సంతతిది, అంటే టిఫ్టన్ సజ్జే.

మన దేశంలో ఇప్పటికీ సజ్జ హైబ్రిడ్లలో అత్యధికం 1958 నాటి ఆ ఏ1 కణద్రవ్యం మీదే నడుస్తున్నాయి. దానికి దోషం అంటకపోయినా, ఒక్కదాని మీదే ఆధారపడటం బ్రీడర్లకు మింగుడుపడని విషయం. ఏ4 అనే మరో కణద్రవ్యాన్ని బర్టన్ సహచరుడు వేన్ హన్నా టిఫ్టన్‌లోనే అడవి సజ్జలో గుర్తించారు. దానిలో వంధ్యత్వం మరింత నికరంగా నిలుస్తుంది. చిక్కల్లా పుప్పొడిని తిరిగి తెప్పించే మగ వరుసలు దానికి అరుదు. వాటిని తయారుచేసుకోవాలంటే ఆ జన్యువును మంచి వరుసల్లోకి తరం తర్వాత తరంగా ఎక్కించాలి.