మాజీ సైనికుల చికిత్స కోర్టులు: బఫలో చూపిన దారి

నేరారోపణలు ఎదుర్కొంటున్న మాజీ సైనికుల కోసం అమెరికాలో ప్రత్యేక కోర్టులు ఏర్పడటం వెనుక వియత్నాం యుద్ధం మిగిల్చిన గాయం ఉంది. ఆ యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఎందరో పీడకలలతో, తాగుడుతో, మాదకద్రవ్యాలతో సతమతమయ్యారు. వైద్యరంగం ఆ క్షోభను పీటీఎస్‌డీ (తీవ్ర ఆఘాతం తర్వాత వెంటాడే మానసిక రుగ్మత) పేరుతో అధికారికంగా గుర్తించింది మాత్రం 1980లో. ఆలోగా చాలామంది జైలు పాలయ్యారు.

శిక్షకు బదులు న్యాయమూర్తి పర్యవేక్షణలో చికిత్స చేయించే పద్ధతి 1989లో మయామీ డ్రగ్ కోర్టుతో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో న్యాయమూర్తి రాబర్ట్ రసెల్ అదే పద్ధతిలో కోర్టు నడుపుతున్నప్పుడు, వియత్నాంలో పనిచేసిన ఒక వ్యక్తి చికిత్సకు ఏమాత్రం సహకరించలేదు. రసెల్‌తో కలిసి పనిచేస్తున్న ఇద్దరు మాజీ సైనికులు అతణ్ని బయటికి తీసుకెళ్లి మాట్లాడాక, అతను నిటారుగా నిలబడి, చికిత్సకు సిద్ధమని చెప్పాడు. 2008 జనవరిలో ప్రారంభమైన ప్రత్యేక కోర్టుకు ఆ అనుభవమే ప్రేరణ. అలాస్కాలోని యాంకరేజ్‌లో 2004లోనే ఇలాంటి ప్రయత్నం జరిగినా, మిగతా రాష్ట్రాలు ఎక్కువగా అనుసరించింది బఫలోనే.

ఈ కోర్టులో చేరడం స్వచ్ఛందం. కొన్నిచోట్ల విచారణకు ముందే కేసును పక్కన పెడతారు. మరికొన్నిచోట్ల నేరం ఒప్పుకున్నాక ప్రొబేషన్ (జైలుకు బదులు అధికారి పర్యవేక్షణలో ఉంచడం) షరతుగా చికిత్స విధిస్తారు. ఆ తర్వాత సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల వరకు, మొదట్లో తరచుగానూ క్రమంగా తక్కువగానూ న్యాయమూర్తి ఎదుట హాజరు కావాలి, మాదకద్రవ్య పరీక్షలు చేయించుకోవాలి, ప్రొబేషన్ అధికారికి అందుబాటులో ఉండాలి. వీటిని పాటించకపోతే హెచ్చరిక మొదలుకొని కొద్దిరోజుల జైలు వరకు ఉంటుంది. పూర్తిచేస్తే కేసు కొట్టివేయడమో, శిక్ష తగ్గించడమో జరుగుతుంది. ప్రొబేషన్ అధికారి నిఘా ఒక్కటే ఉంటే ఇది మామూలు డ్రగ్ కోర్టే అయ్యేది. తోటి మాజీ సైనికుడు మెంటార్‌గా పక్కన నిలవడమే దీని అసలు బలమని నా అభిప్రాయం.

సైనిక నేపథ్యాన్ని కోర్టులు పట్టించుకోవాలన్న ఆలోచన పైస్థాయికీ చేరింది: 2009లో పోర్టర్ అనే ఖైదీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కొరియా యుద్ధంలో పోరాడిన అతని సైనిక నేపథ్యాన్ని జ్యూరీ ముందు పెట్టకపోవడం న్యాయవాది లోపమేనని తేల్చింది. ఈ కోర్టులకు సమాఖ్య ప్రభుత్వ తోడ్పాటును సమన్వయపరిచే చట్టం 2020లో వచ్చింది.

అయితే చికిత్సలో అధికభాగం మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఆసుపత్రులే అందిస్తాయి. క్రమశిక్షణ చర్యలతో సైన్యం నుంచి పంపేసినవారికి ఆ సేవలు చాలాసార్లు దక్కవు. ఆ క్రమశిక్షణ ఉల్లంఘనకు యుద్ధం చేసిన మానసిక గాయమే కారణమైన సందర్భాలున్నాయి గనుక, ఇది నన్ను అన్నిటికంటే బాధపెట్టే అన్యాయం. కొన్ని కోర్టులు అటువంటివారిని కూడా చేర్చుకొని స్థానిక సంస్థల ద్వారా చికిత్స ఇప్పిస్తున్నాయి; మరికొన్ని వారిని అసలు చేర్చుకోవడమే లేదు.