ఓపెన్ డేటాతో పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రభుత్వాలు బయటపెట్టే డేటాను నలుగురం కూర్చుని విశ్లేషిస్తుంటాం. కొత్తగా చేరేవాళ్లు ఎక్కువగా ఈ నమ్మకాలతోనే వస్తారు.

అపోహ: ప్రభుత్వ సైట్‌లో ఉందంటే డేటా శుభ్రంగానే ఉంటుంది.

వాస్తవం: అలా ఉంటే మా పని సగం తప్పేది. ఒకే ఊరి పేరు మూడు స్పెల్లింగుల్లో కనిపిస్తుంది. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? (2024-04-03 అని రాస్తే ఈ గొడవే ఉండదు. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేదీ అదే, వినేదెవరు!) వీటన్నిటికంటే నాకు భయం ఖాళీ గడి అంటే. అది సున్నానా, లేక లెక్కే రాలేదా? సున్నా అనుకుంటే సగటు కిందికి జారుతుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు.

అపోహ: కోడింగ్ రాకపోతే ఇక్కడ పనిలేదు.

వాస్తవం: ప్రభుత్వ రికార్డులు రాసే పద్ధతి తెలిసిన ఒక్క మనిషి మాకు ఇద్దరు ప్రోగ్రామర్ల పెట్టు. మరణాల డేటానే తీసుకోండి. మరణం ఎక్కడ జరిగిందో అక్కడ నమోదు చేస్తే, పెద్ద ఆసుపత్రులున్న నగరంలో మరణాలు విపరీతంగా కనిపిస్తాయి. చనిపోయినవాళ్లలో చాలామంది వేరే ఊళ్లవాళ్లు. ఈ సంగతి ఏ కోడూ చెప్పదు.

అపోహ: ఒకే షీట్‌ను అందరం దిద్దితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: ఎవరు ఏం మార్చారో వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. అందుకే అసలు ఫైల్‌ను ముట్టుకోం. మార్పులన్నీ స్క్రిప్టులోనో (చిన్న ప్రోగ్రామ్), డేటాను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో చేస్తాం. ప్రతి అడుగూ నమోదవుతుంది. ఫైల్ తెరవగానే వరుసలు లెక్కపెడతాం. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయింది ఆ పరిమితి వల్లే.

అపోహ: పేర్లు తీసేస్తే ప్రైవసీకి ఢోకా లేదు.

వాస్తవం: 1990ల్లో లతాన్యా స్వీనీ అనే అమెరికన్ కంప్యూటర్ పరిశోధకురాలు పేర్లు లేని ఆసుపత్రి డేటాను ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నర్ రికార్డునే పట్టుకున్నారు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఆడా మగా అన్న వివరం, ఈ మూడే చాలాయి.

అపోహ: ఇద్దరి లెక్కలు కలవకపోతే ఒకరిది తప్పే.

వాస్తవం: ముఖ్యమైన ప్రతి లెక్కనూ మేం కావాలనే ఇద్దరికి విడివిడిగా ఇస్తాం. తేడా వస్తే ముందు కాస్త టెన్షన్, తర్వాత ఇద్దరి కోడూ పక్కపక్కన పెట్టి చూస్తాం. చాలాసార్లు తేలేది ఏమిటంటే, ఒకరు ఘటన జరిగిన ఏడాదిని లెక్కలోకి తీసుకున్నారు, ఇంకొకరు అది నమోదైన ఏడాదిని.