బొల్లి: మచ్చ కన్నా ముందు అందులోని వెంట్రుకను చూడండి

చర్మవ్యాధుల ఓపీలో రోజూ వినిపించే సంభాషణ ఇది. "మచ్చ వచ్చి ఎన్నాళ్లైంది?" "రెండేళ్లు దాటిందండీ." "ఇన్నాళ్లూ ఏం వాడారు?" అప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఎవరో చెప్పిన పసరు, ఇంకెవరో ఇచ్చిన పేరులేని డబ్బా, చేప మానేయడం, పులుపు మానేయడం. చివర్లో నెమ్మదిగా ఒక మాట: "బొల్లికి మందు లేదట కదండీ, అందుకే ఇటు రాలేదు."

ఆ రెండేళ్లలో ఏం పోయిందో వాళ్లకు తెలియదు. అది తెలియాలనే ఇదంతా.

అపోహ: బొల్లికి మందు లేదు. వచ్చిందంటే ఇక అంతే.

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లను మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ8 టీ కణాలు అనే తెల్లరక్త కణాలే చంపేస్తాయి. బొల్లి అంటే అంతే. కానీ పైచర్మంలోని మెలనోసైట్లన్నీ పోయినా, వెంట్రుక కుదుళ్లలో రంగు కణాలను పుట్టించే మూలకణాలు కొంతకాలం మిగిలే ఉంటాయి. వైద్యంతో తిరిగొచ్చే రంగు ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. మందు పనిచేస్తున్న మచ్చను భూతద్దంతో చూస్తే, తెల్లటి మచ్చ మధ్యలో ఒక్కో వెంట్రుక మొదట్లో గసగసాల గింజంత గోధుమ చుక్క కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ ఆ చుక్కలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయంటే ఆ నిల్వ ఖాళీ అయినట్టే. అప్పుడు ఏ క్రీమైనా, ఏ లైటైనా విత్తనం లేని మడిలో నీళ్లు పోసినట్టవుతుంది. అందుకే బొల్లి మచ్చ కనబడగానే దాని సైజు కన్నా ముందు అందులోని వెంట్రుకల రంగు చూడాలి. నల్లగా ఉన్నాయంటే వైద్యానికి మంచి సమయం ఇదే. "చూద్దాంలే" అనుకునే నెలలు ఆ నిల్వను కరిగించేస్తాయి. వేళ్ల చివర్లు, పెదవులు, మణికట్టు లోపలి వైపు మొండికేయడానికి కారణం కూడా ఇదే. అక్కడ వెంట్రుకలు లేవు, ఉన్నా చాలా తక్కువ.

రెండో పరీక్ష, జబ్బు పాకుతోందా ఆగిందా అన్నది. పాకుతుంటే గుర్తులు ఉంటాయి. మచ్చ అంచున ఉప్మా రవ్వ చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు. తెల్లటి భాగానికీ మామూలు చర్మానికీ మధ్య లేత గోధుమ పట్టీ. గీసుకున్నచోట, కాలినచోట, లంగా బొందు బిగించే నడుము చుట్టూ కొత్త మచ్చలు. వుడ్స్ ల్యాంప్ (డాక్టర్లు మచ్చను చూసే అతినీల కాంతి దీపం) కింద అంచు స్పష్టంగా కాకుండా చెరిగిపోయినట్టు ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు మంట ఆర్పాలి, రంగు సంగతి తర్వాత.

ఆర్పే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్న ఒకటి మన దేశంలోనే పుట్టింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రిచా, ఖైతాన్ 1993లో ప్రచురించిన ఓరల్ మినీ పల్స్. స్టెరాయిడ్ మాత్ర రోజూ కాకుండా వారంలో వరుసగా 2 రోజులు మాత్రమే ఇస్తారు. వాళ్లు బీటామెథసోన్ వాడారు. ఇప్పుడు ఎక్కువమంది డెక్సామెథసోన్ 2.5 నుంచి 5 మి.గ్రా. వాడుతున్నారు, 3 నుంచి 6 నెలల పాటు. షుగర్, బీపీ, టీబీ చూసుకున్నాకే మొదలుపెడతారు. స్టెరాయిడ్ అనగానే భయపడేవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ వారానికి 2 రోజులు వేరు, నెలల తరబడి రోజూ వేసుకోవడం వేరు. జరిగే పొరపాటు ఇంకోటి: "2 నెలలు వాడినా రంగు రాలేదు" అని మానేస్తారు. ఈ మాత్ర పని పాకడం ఆపడం. రంగు తెచ్చే పని ప్రధానంగా లైటుది.

ఆ లైటు నారో బ్యాండ్ యూవీబీ. 311 నానోమీటర్ల దగ్గరి కిరణాలు. వారానికి 2 లేదా 3 సార్లు, వరుస రోజుల్లో కాకుండా. చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజూల్స్ డోసుతో మొదలుపెట్టి ప్రతి సిట్టింగ్‌కీ 10 నుంచి 20 శాతం పెంచుతూ పోవాలి. ఎంతవరకంటే, మచ్చ లేత గులాబీ రంగుకు వచ్చి 24 గంటల్లోపు తగ్గిపోయేంత వరకు. ఎరుపు 24 గంటలు దాటినా ఉందంటే అది తగ్గేదాకా ఆగాలి. బొబ్బ వచ్చినా, నొప్పి ఉన్నా అంతే, ఆపై డోసు తగ్గించి మొదలుపెట్టాలి. కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. మగవాళ్లు జననాంగాలు కప్పుకోవాలి. పండక్కి ఊరెళ్లి వచ్చి పాత డోసే వేయించుకుంటే కాలుతుంది. గ్యాప్ 8 నుంచి 14 రోజులైతే డోసు నాలుగో వంతు తగ్గించాలి, 15 నుంచి 21 రోజులైతే సగం చేయాలి, 3 వారాలు దాటితే మళ్లీ మొదటికి. ఈ లెక్క లైటు వేసే టెక్నీషియన్‌కు మీరే గుర్తు చేయండి.

ఎక్కువమంది ఓడిపోయేది ఓపిక దగ్గర. 20 సిట్టింగ్‌లకే "పనిచేయట్లేదు" అనేస్తారు. 72 సిట్టింగ్‌ల దాకా చూడకుండా ఆ మాట అనకూడదు. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి వేసిన లెక్కలో, 12 నెలలు లైటు తీసుకున్నవాళ్లలో 35.7 శాతం మందికి మచ్చలో నాలుగింట మూడొంతులకు పైగా రంగు వచ్చింది. 6 నెలలకైతే అది 19.2 శాతమే. ముఖం, మెడ మీద 44 శాతం మందికి అంత మెరుగైతే, చేతులు, పాదాల మీద సున్నా. ఈ సున్నాను దాచి "మొత్తం పోతాయి" అని ప్యాకేజీ అమ్మేవాళ్ల దగ్గరికి పోకండి.

"ఆ కిరణాలతో క్యాన్సర్ రాదా?" అని తప్పకుండా అడుగుతారు. కొరియాలో 60 వేల మందికి పైగా బొల్లి ఉన్నవాళ్ల రికార్డులు చూస్తే చర్మ క్యాన్సర్ పెరగలేదు. 200 సిట్టింగ్‌లు దాటినవాళ్లలో మాత్రం ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చలు ఎక్కువ కనిపించాయి. అందుకే సిట్టింగ్‌ల లెక్క కార్డులో రాయించుకోవాలి.

అపోహ: కొత్త క్రీమ్ వచ్చేసింది, రాస్తే పోతుంది.

రుక్సోలిటినిబ్ 1.5 శాతం క్రీమ్‌కు అమెరికాలో 2022 జులైలో, 12 ఏళ్లు దాటినవాళ్లకు అనుమతి వచ్చింది. బొల్లి కోసమే పరీక్షించి, రంగు తెప్పిస్తుందని అనుమతి పొందిన తొలి మందు అది. టీ కణాలు వదిలే ఇంటర్ఫెరాన్ గామా, చర్మ కణాల్లోని జాక్ అనే ఎంజైముల ద్వారా "ఇటు రండి" అని మరిన్ని టీ కణాలను పిలిపిస్తుంది. ఈ మందు ఆ పిలుపును కోసేస్తుంది. నిజంగా పెద్ద ముందడుగు. అంకెలూ చూడండి: 2 పెద్ద పరీక్షల్లో, 24 వారాలు రాసుకున్నవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ముఖం మీద మూడొంతుల మెరుగు. మందు లేని ఉత్త క్రీమ్ రాసినవాళ్లలో అది 7 నుంచి 11 శాతం. ఏడాది వాడితే దాదాపు సగం మంది దాకా వచ్చారు. అంటే 2 నెలల్లో తేల్చే మందు కాదు. రోజుకు 2 సార్లు, ఒంటిలో 10 శాతానికి మించకుండా రాయాలి. మీ అరచేయి వేళ్లతో కలిపి సుమారు 1 శాతం, అలా పది అరచేతులంత. మన దగ్గర అదే జాతికి చెందిన టోఫాసిటినిబ్‌ను పూతగా వాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి ఇంత పెద్ద పరీక్షల బలం లేదు. ఇక జాక్‌ను అడ్డుకునే మాత్రలను మెడికల్ షాపులో కొని మింగడం మాత్రం ప్రమాదం. దాగి ఉన్న టీబీ లేవొచ్చు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. టీబీ, హెపటైటిస్ పరీక్షలు లేకుండా వాటి జోలికి పోకూడదు.

రంగు వచ్చాక మానేస్తే అదే చోట మళ్లీ తెల్లబడటానికీ కారణం ఉంది. కొన్ని టీ కణాలు ఆ చర్మంలోనే మకాం వేసి జ్ఞాపకం పెట్టుకుంటాయి. దీనికి చవకైన కాపలా టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంట్, రంగు వచ్చిన చోట వారానికి 2 సార్లు. 2015లో వచ్చిన పరీక్షలో 6 నెలల్లో ఉత్త ఆయింట్‌మెంట్ రాసిన మచ్చల్లో 40 శాతం తిరగబెడితే, టాక్రోలిమస్ రాసిన వాటిలో 9.7 శాతమే తిరగబెట్టాయి. ఈ ఒక్క చీటీ రాయించుకోకుండా, ఏడాది కష్టపడి తెచ్చుకున్న రంగును పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఆపరేషన్ చేయిస్తే ఒక్క రోజులో పని అయిపోతుంది.

పెళ్లి 2 నెలల్లో ఉందనగా ఈ ప్రశ్నతో వస్తారు. సమాధానం మళ్లీ ఆ రెండో పరీక్షే. కనీసం ఏడాదిగా కొత్త మచ్చ రాకూడదు, ఉన్నది పెరగకూడదు. పాకుతున్న జబ్బులో కత్తి పెడితే, తొడ మీద చర్మం తీసినచోట కూడా బొల్లి మొలుస్తుంది. ఒకటి పోయి రెండవుతాయి. అనుమానం ఉంటే ముందు ఒకటి రెండు చిన్న పంచ్ గ్రాఫ్ట్‌లు (మామూలు చర్మం నుంచి తీసిన బిళ్లలంత ముక్కలు) మచ్చలో పెట్టి, 3 నెలలు ఆగి, రంగు చుట్టూ పాకుతోందో లేదో చూడాలి. ఆగిన జబ్బుకైతే, ముఖ్యంగా ఒంటికి ఒకవైపే పట్టీలా వచ్చి ఆగిపోయే సెగ్మెంటల్ రకానికి, తెల్ల వెంట్రుకల మచ్చకు, ఆపరేషనే మేలు.

ఎక్కువగా చేస్తున్నది కణాల ద్రావణం పద్ధతి. తొడ లేదా పిరుదు మీద నుంచి పలుచటి చర్మపు పొర తీస్తారు, మచ్చ వైశాల్యంలో పదో వంతు నుంచి ఐదో వంతు. ఆ పొర వెలుతురు కనిపించేంత పలుచగా రావాలి. మందంగా వస్తే ఎంజైమ్ లోపలికి దిగదు, తీసినచోట గాటు మిగులుతుంది. దాన్ని 0.25 శాతం ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో, 37 డిగ్రీల వద్ద ముప్పావు గంట అటూఇటూగా ఉంచుతారు. తక్కువసేపు ఉంచితే పొరలు విడిపోవు, ఎక్కువసేపు ఉంచితే కణాలు చస్తాయి. పైపొరను విడదీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబు అడుగున ముదురు గోధుమ రంగు ముద్ద దిగుతుంది. రంగు కణాలు అందులోనే ఉంటాయి. ఈలోగా మచ్చను డెర్మాబ్రేడర్ అనే గీకే యంత్రంతో గాని లేజర్‌తో గాని, సూది మొనంత రక్తపు చుక్కలు లేచేదాకా గీస్తారు. అంతకన్నా లోతుకు పోతే గాటు మిగులుతుంది. ఆ ద్రావణం పరిచి, కొలాజెన్ షీటు వేసి కట్టు కడతారు.

చెడేది ఎక్కువగా ఇంటికి వెళ్లాక. 7 రోజులు ఆ భాగం కదలకూడదు, తడవకూడదు. మోకాలు, మోచేయి, వేళ్ల కణుపుల మీద ఫలితం తక్కువగా ఉండటానికి కారణం కదలికే. కట్టు విప్పాక గులాబీ రంగు చర్మం చూసి "రాలేదు" అని ఏడుస్తారు. రంగు మొలకెత్తేది 3, 4 వారాలకు, చుట్టుపక్కల చర్మంతో కలిసేది 3 నుంచి 6 నెలలకు. కాబట్టి పెళ్లికి 2 నెలలుంటే మంచి కవరింగ్ మేకప్ నేర్పించి పంపడమే న్యాయం. కాలిన గాయాల కోసం ఆస్ట్రేలియాలో పుట్టిన రీసెల్ అనే స్ప్రే కిట్‌కు 2023 జూన్‌లో అమెరికాలో బొల్లికీ అనుమతి వచ్చింది. అదీ ఇదే సూత్రం, అదీ ఆగిన జబ్బుకే.

అపోహ: బావంచాలు నూరి రాసుకుని ఎండలో నిలబడితే చాలు.

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ప్రమాదం. బావంచాల్లో సొరాలెన్ ఉంది. దాని మీద ఎండలోని యూవీఏ పడితే రంగు వస్తుంది. 1948లో కైరోలో ఎల్ మోఫ్టీ ఇదే జాతి రసాయనాలున్న మరో మొక్కతో బొల్లికి వైద్యం చేసి చూపించాడు. కానీ గింజలో మందు ఎంతుందో, మే నెల ఎండలో కిరణం ఎంతుందో ఎవరూ కొలవలేదు. పది నిమిషాలకు బొబ్బలెక్కి, కాలిన గాయం చుట్టూ మచ్చ ఇంకా పెరిగి వస్తారు. రాసుకుని ఉంటే వెంటనే సబ్బుతో కడిగి, 2 రోజులు ఎండకు పోకండి.

మిగతావి త్వరగా. చేప తిని పాలు తాగితే బొల్లి రాదు. చింతపండు, నిమ్మ, పెరుగు మానితే తగ్గదు. పెరిగే పిల్లల నోరు కట్టేయకండి. ముట్టుకుంటే, కలిసి తింటే అంటదు.

దీన్ని శ్వేతకుష్టు అనడం పాత పాపం. కుష్టుకూ దీనికీ సంబంధం లేదు. కుష్టు మచ్చ పాలలా తెల్లగా ఉండదు, లేత రంగులో ఉంటుంది, స్పర్శ తగ్గుతుంది. దూది పోగుతో తాకించి చూడండి. తెలియకపోతే వెంటనే పీహెచ్‌సీకి వెళ్లండి, కుష్టు మందులు అక్కడ ఉచితం.

నుదుట బొట్టుబిళ్ల పెట్టుకునే చోటే గుండ్రంగా, లేదా చెప్పు పట్టీ తగిలే చోటే గీతలా తెల్లబడితే అది జిగురులోని, రబ్బరులోని రసాయనం పని కావచ్చు. ఆ వస్తువు ఆపేయడమే మొదటి వైద్యం. ఎంత త్వరగా ఆపితే అంత మంచిది.

ఇక పెళ్లిచూపుల్లో లేచే "పిల్లలకొస్తుందా?" అన్న ప్రశ్న. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి ఉన్నది 23 శాతం మందిలోనే. మామూలు తోబుట్టువుల్లో 6 శాతం. ఒకే జన్యువులున్నవాళ్లలోనే నలుగురిలో ముగ్గురికి రానప్పుడు, దీన్ని వంశానికి పట్టిన జబ్బుగా చూపి ఒక ఆడపిల్ల సంబంధం తప్పించడం తప్పు. ఆమెకు చేయించాల్సింది జాతకం కాదు, ఒక టీఎస్‌హెచ్ పరీక్ష, అంటే థైరాయిడ్ రక్తపరీక్ష. బొల్లి ఉన్నవాళ్లలో థైరాయిడ్ సమస్య ఎక్కువ.